ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసర్ ఆగిపోయిందా? ఇంట్లోనే విప్పి బాగుచేసుకునే పద్ధతి

పొద్దున సెల్లార్‌లోకి దిగేసరికి కారు వెనక భాగం నేలకు కూలబడి ఉంటుంది. స్టార్ట్ చేస్తే సస్పెన్షన్ లైటు వెలుగుతుంది. ఎవరిని అడిగినా ఒకటే మాట: "కంప్రెసర్ పోయింది సార్, కొత్తది వేయాల్సిందే." సెకండ్ హ్యాండ్‌లో ఆడి, బెంజ్, ల్యాండ్ రోవర్ డిస్కవరీ లాంటి బండ్లు కొన్నవాళ్లు ఎక్కువగా అడిగేది దీని గురించే. అందుకే పని మొత్తం వరసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. చక్రాల దగ్గరి రబ్బరు సంచుల్లోకి గాలి కొట్టి బండిని పైకి లేపే పంపే ఈ కంప్రెసర్. అది చాలాసార్లు తనంతట తాను పోదు. ఎక్కడో గాలి కారుతుంటుంది. ఆ లోటు పూడ్చడానికి అది మాటిమాటికీ తిరిగి, వేడెక్కి, లోపలి రింగు అరిగి పోతుంది. లీకు వదిలేసి కంప్రెసర్ ఒక్కటే బాగుచేస్తే కొత్త రింగుకీ అదే గతి. కాబట్టి ఇక్కడ దాదాపు సగం పని, కంప్రెసర్‌కి పానా తగిలించక ముందుదే.

1. మీ బండిలో ఉన్నది గాలా, ఆయిలా?

మనవాళ్లు రెండింటినీ హైడ్రాలిక్ సస్పెన్షన్ అనే అంటారు. పని మొదలుపెట్టే ముందు తేడా తేల్చుకోవాలి. కొన్ని పాత ఎస్-క్లాస్, ఎస్ఎల్ బెంజ్‌లలో యాక్టివ్ బాడీ కంట్రోల్ అనే ఆయిల్ సస్పెన్షన్ ఉంటుంది. దాని పంపు ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది, లైనులో ఒత్తిడి 200 బార్ దాకా వెళ్తుంది. సూది మొనంత చిల్లు పడినా ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న పోటులా కనిపించినా అది వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయం.

మీది అలాంటి బండి అయితే ఇంట్లో ఆయిల్ మట్టం చూడండి, కింద మరకలు ఉన్నాయేమో చూడండి, అంతవరకే. ఇక్కడి నుంచి రాసేదంతా కరెంటు మోటారుతో నడిచే గాలి కంప్రెసర్ గురించి.

2. చోటు, సామాను

అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే ర్యాంపుకి దూరంగా, సమంగా ఉన్న గచ్చు మీద పెట్టుకోండి. వాచ్‌మన్‌కి ముందే చెప్పి పక్క బండి తీయించండి. పిల్లలు ఆడుకునే వేళ వద్దు. మే నెల మధ్యాహ్నం అసలే వద్దు. చెమట పట్టిన చేతులతో చిన్న ఓ-రింగులు పట్టుకోవడం నరకం.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

☐ జాకీ, దాంతోపాటు కనీసం రెండు జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మెలు
☐ కళ్లద్దాలు, చేతి తొడుగులు, తలకు కట్టుకునే లైటు
☐ పానాల సెట్టు, నక్షత్రం తలల టార్క్స్ బిట్లు
☐ మల్టీమీటర్, టేపు, స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు
☐ రింగు కిట్: పిస్టన్ రింగు, సిలిండర్ స్లీవ్, ఓ-రింగులు
☐ డ్రయర్‌లో పోసే కొత్త గింజలు (గాలిలోని తేమ పీల్చేవి)
☐ కొత్త రిలే
☐ సిలికాన్ గ్రీజు, ప్రెషర్ గేజి, దానికి సరిపోయే గాలి ఫిట్టింగ్

ఫిట్టింగులు, గేజి, బేరింగు హైదరాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. రిలే (మోటారుకు కరెంటు కలిపే స్విచ్), లావు వైర్లు, కనెక్టర్లకు కోఠి గుజరాతీ గల్లీ. రింగు కిట్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి రావచ్చు. బండి మోడల్ చూసి ఆర్డర్ చేయకండి, కంప్రెసర్ మీదున్న తయారీదారు పేరు, పార్ట్ నంబరు చూసి చేయండి. ఒకే మోడల్ బండిలో ఏడాదిని బట్టి వేర్వేరు కంపెనీల కంప్రెసర్లు వచ్చాయి. డిస్కవరీలో మొదట హిటాచీది, తర్వాత ఏఎంకేది. వాటి కిట్లు ఒకదానికొకటి పట్టవు.

3. ప్రాణం మీదికి తెచ్చుకోకుండా

గాలి పోతే బండి ఏ హెచ్చరికా లేకుండా కూలబడుతుంది. కింద తల ఉందా, చెయ్యి ఉందా అని చూడదు. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని దూరొద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువుకు పిండవుతాయి. జాక్ స్టాండ్లు కొనడానికి మనసొప్పకపోతే ఈ పని మానుకోండి.

జాకీ పెట్టే ముందు మాన్యువల్ చూసి జాక్ మోడ్ ఆన్ చేయండి. చేయకపోతే చక్రం వేలాడగానే కంప్యూటర్ బండి ఎత్తు పెరిగిందనుకుని గాలి వదిలేస్తుంది. స్టాండ్లు బాడీ కింద, మాన్యువల్ చూపించిన చోటే పెట్టాలి. 7వ మెట్టులో కంప్రెసర్ దించే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

4. రాత్రి పరీక్ష: లీకా, కంప్రెసరా?

బండి ఇంకా లేస్తుంటే ఈ పరీక్ష చేయండి. సాయంత్రం సమమైన నేల మీద మామూలు ఎత్తులో ఆపండి. ప్రతి చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి, నాలుగు అంకెలూ కాగితం మీద రాయండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

తర్వాత సస్పెన్షన్ ఫ్యూజ్ తీసేయండి. చాలామంది వదిలేసేది ఇక్కడే. కొన్ని బండ్లు, ముఖ్యంగా ల్యాండ్ రోవర్లు, ఆపి ఉంచినా మధ్యలో నిద్రలేచి, ఒక మూల దిగితే మిగతా మూలల్ని కూడా దానికి సమానంగా దించేస్తాయి. ఫ్యూజ్ తీయకపోతే పొద్దున నాలుగూ దిగి కనిపిస్తాయి, అసలు దొంగ దొరకడు.

పొద్దున మళ్లీ కొలవండి.

- ఒక మూల మాత్రమే దిగితే: ఆ మూల బెల్లో (గాలి నిండే రబ్బరు సంచి), దాని పైపు, లేదా వాల్వ్ బ్లాకులో (గాలిని నాలుగు మూలలకూ పంచే పెట్టె) ఆ మూల వాల్వ్.
- ముందు రెండూ లేదా వెనక రెండూ దిగితే: వాల్వ్ బ్లాకు, దాని జాయింట్లు. రెండు బెల్లోలూ ఒకే వయసువి కాబట్టి రెండూ ఒకేసారి పగిలి ఉండొచ్చు కూడా.
- ఏదీ దిగలేదు, కానీ బండి సరిగా పైకి లేవదు: ఇప్పుడు కంప్రెసర్ వైపు చూడండి.

5. లీకు పట్టుకోవడం

బండిని వీలైనంత పైకి లేపి, స్టాండ్లు పెట్టి, సబ్బు నీళ్లు కొట్టండి. మొదట బెల్లో రబ్బరు మడత పడే చోటు. ఎత్తులో ఉన్నప్పుడు ఆ మడత తెరుచుకుని, లోపలి సన్నని పగుళ్లు బయటపడతాయి. తర్వాత బెల్లో పైన పైపు దూరే ఫిట్టింగ్, ఆ తర్వాత వాల్వ్ బ్లాకు మీది ప్రతి జాయింటు. పెద్ద లీకైతే బుస్సుమని చెవికే వినిపిస్తుంది. చిన్నదైతే తెల్లటి నురగ మెల్లగా పుట్టగొడుగులా పైకి లేస్తుంది. అర నిమిషం ఆగి చూడాలి, కొట్టగానే పక్కకి వెళ్లిపోకూడదు.

మన సెల్లార్లలో ఎలుకలు, పందికొక్కులు ఈ ప్లాస్టిక్ పైపుల్ని కొరుకుతాయి. పైపు పొడవునా వేలితో తడమండి, పంటి గాట్లు తగులుతాయి. కొరికిన చోట కోసేసి, అదే సైజు పుష్ ఫిట్ జాయినర్ (పైపు నొక్కితే పట్టేసే అతుకు) వేస్తే చాలు. 4 మిల్లీమీటర్లదా, 6 మిల్లీమీటర్లదా అన్నది వెర్నియర్‌తో కొలిచి కొనండి. కోత నిటారుగా రావాలి, అందుకు కొత్త బ్లేడు వాడండి. వంకరగా కోస్తే జాయినర్ ఎంత మంచిదైనా కారుతుంది. ఎం-సీల్, ఫెవిక్విక్ లాంటి వైద్యాలు ఈ ఒత్తిడికి నిలవవు.

బెల్లో రబ్బరే పగిలితే అతుకులు వద్దు, మార్చాల్సిందే. అది మార్చాకే 6వ మెట్టుకు రండి.

6. కరెంటు చూడటం

కంప్రెసర్ అసలు చప్పుడే చేయకపోతే విప్పకముందు ఫ్యూజ్ చూడండి. చాలా బండ్లలో దీనికి 30 లేదా 40 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటుంది. కాలిపోయి ఉంటే అదే విలువది వేయండి, పెద్దది వేయకండి. కొత్తది కూడా వెంటనే పోతే మోటారు లోపల షార్ట్ ఉందని, లేదా బిగుసుకుపోయిందని అర్థం.

తర్వాత కంప్రెసర్ ప్లగ్గు. లావు వైర్లు రెండు మోటారువి. సన్నవి టెంపరేచర్ సెన్సర్‌వి, గాలి వదిలే వాల్వ్‌వి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బండిని లేపమని బటన్ నొక్కి, లావు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఈ పరీక్షకు బండి కింద దూరాల్సి వస్తే స్టాండ్లు తప్పనిసరి. 12 వోల్టులకు పైన వస్తూ మోటారు తిరగకపోతే తప్పు మోటారుదే. ఏమీ రాకపోతే రిలే, వైరింగు, లేదా కంప్యూటరే ఆపి ఉంచింది. దుకాణాల్లో దొరికే చవక ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో తప్పుల కోడ్‌లు చదివేది) సాధారణంగా ఇంజిన్ కోడ్‌లే చదువుతుంది. సస్పెన్షన్ మాడ్యూల్ చదివేది ఎవరి దగ్గరైనా ఒక పూటకు అడిగి తెచ్చుకోండి.

రిలే గురించి ఇంకొక్క మాట. ఎక్కువ సేపు తిరిగిన కంప్రెసర్ వల్ల రిలే లోపలి పాయింట్లు కాలి అతుక్కుపోతాయి. అప్పుడు తాళం తీసేసినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ దిగిపోతుంది, కంప్రెసర్ మాడిపోతుంది. కంప్రెసర్ బాగుచేసిన ప్రతిసారీ రిలే కూడా మార్చండి. కొత్త కంప్రెసర్ ధరలో అది చిల్లర కింద లెక్క.

7. కంప్రెసర్ దించడం

కొన్నింట్లో ముందు చక్రం లైనర్ వెనక, కొన్నింట్లో డిక్కీలో స్టెప్నీ గుంతలో ఉంటుంది. డిస్కవరీ 3, 4లలో ఎడమ వైపు ఛాసిస్ పక్కన, వెనక చక్రానికి కాస్త ముందు, ప్లాస్టిక్ కవరు కింద ఉంటుంది.

1) విప్పక ముందు ఫొటోలు తీయండి. పైపులు, వైర్లు, రబ్బరు బుష్షులు, అన్నీ.
2) మట్టి కడిగి ఆరనివ్వండి. మట్టితో విప్పితే అదంతా పైపులోకి పోతుంది.
3) గాలి పైపు నట్టును కొద్దికొద్దిగా వదులు చేయండి. బుస్సుమంటుంది, అది ఆగేదాకా అలాగే ఉంచండి. కళ్లద్దాలు పెట్టుకునే చేయండి.
4) పైపు మూతికి, వాల్వ్ బ్లాకు వైపుకి శుభ్రమైన టేపు చుట్టండి.
5) ప్లగ్గులు లాగి, బోల్టులు తీసి దించండి. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజు రాత్రే డబ్ల్యూడీ-40 కొట్టి ఉంచండి.

గాలి పీల్చే ఫిల్టర్ ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి. దుమ్ముతో మూసుకుపోయి ఉంటే కంప్రెసర్ ఊపిరాడక వేడెక్కుతోందన్నమాట. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్ల మీద తిరిగిన బండ్లలో ఈ గొట్టంలో బురద కూడా కనిపిస్తుంది.

8. విప్పి రింగు మార్చడం

అసలు పని ఇదే. తొందర వద్దు. తెల్లటి పాత దుప్పటి పరుచుకుని దాని మీద కూర్చోండి, దొర్లిపోయిన స్క్రూ కనపడుతుంది.

హెడ్డు స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేసి హెడ్డు లేపండి. లోపల చిన్న పిస్టన్, దాని చుట్టూ టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్ రింగు ఉంటాయి. సైకిల్ పంపులో వాచర్ అరిగితే గాలి వెనక్కి తన్నుతుందే, ఇక్కడ జరిగేదీ అదే. అరిగిన రింగు అంచు పల్చబడి, ఒకవైపు నల్లగా మాడి, సిలిండర్‌లో నల్లటి పొడి రాలి ఉంటుంది.

సిలిండర్ గోడ మీద గోరుతో గీరి చూడండి. గోరు జారిపోతే పరవాలేదు. ఎక్కడైనా తట్టుకుంటే స్లీవ్ మార్చాలి. ఉప్పు కాగితంతో రుద్ది సర్దుకోవద్దు, ఆ గరుకుకి కొత్త రింగు ఇట్టే అరిగిపోతుంది.

కనెక్టింగ్ రాడ్డును వేళ్లతో ఊపండి. బేరింగు గరగరమంటే, లేదా ఆట ఉంటే అదీ మార్చండి. బేరింగు పక్క అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. పాతది రాణిగంజ్ బేరింగు షాపుకు పట్టుకెళ్లి "అన్నా, ఇదే నంబరు, రెండు వైపులా సీలున్నది ఇవ్వు" అంటే సరి. నొక్కి దించాల్సిన రకమైతే సుత్తితో కొట్టకండి, బాలానగర్‌లో ఏ లేత్ షాపులోనైనా ప్రెస్ మీద చేసిస్తారు.

కొత్త రింగు ఎక్కించే వరస:

1) గాడిలోని పాత ప్లాస్టిక్ పొడిని పుల్లతో, గుడ్డతో తీసేయండి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో గోకొద్దు.
2) రింగు గట్టిగా ఉంటే వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, తుడిచి, ఒకవైపు నుంచి మెల్లగా గాడిలో కూర్చోబెట్టండి. ఏ వైపు పైకి రావాలో పాతది చూసి పోల్చుకోండి.
3) సాగిన రింగు మళ్లీ దగ్గరకు రావాలి. పల్చని ప్లాస్టిక్ షీటు చుట్టి కాసేపు బిగించి ఉంచండి.
4) స్లీవ్‌కి ఒక అంచు వాలుగా ఉంటే రింగును అటు నుంచే ఎక్కించండి.
5) చేత్తో మోటారు తిప్పి చూడండి. పిస్టన్ బిగుతుగా అయినా ఎక్కడా తట్టుకోకుండా కదలాలి.

పిస్టన్‌కి, సిలిండర్‌కి ఆయిల్ గానీ గ్రీజు గానీ రాయకండి. "రెండు చుక్కలు ఇంజిన్ ఆయిల్ వేస్తే స్మూత్‌గా తిరుగుద్ది సార్" అనేవాళ్లు ఉంటారు. ఇది పొడిగా తిరగడానికే తయారైన కంప్రెసర్. ఆయిల్ పడితే రింగు పొడితో కలిసి జిగురవుతుంది, గాలితోపాటు వెళ్లి డ్రయర్ గింజల్ని పాడుచేస్తుంది. సిలికాన్ గ్రీజు ఓ-రింగులకు మాత్రమే, అదీ మెరుపు కనిపించేంతే.

హెడ్డు స్క్రూలు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో చేత్తోనే బిగించండి. అల్యూమినియం మర కాబట్టి ఇంపాక్ట్ గన్ పెడితే మర ఊడి వస్తుంది.

ఇక్కడ ఆగిపోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మోటారు లోపల మాడిన వాసన వస్తున్నా, నీళ్లు చేరి ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తుప్పు పట్టినా, సిలిండర్ బాడీ పగిలినా కిట్ మీద డబ్బు పెట్టకండి. కొత్త కంప్రెసరే దారి.

9. డ్రయర్ గింజలు

కంప్రెసర్ పక్కనున్న గొట్టంలో తేమ పీల్చే గింజలు ఉంటాయి. మూత కింద గట్టి స్ప్రింగు ఉంటుంది. మూతను అరచేత్తో నొక్కిపట్టి, మొహం పక్కకు పెట్టి విప్పండి.

గింజలు పొడిగా, విడివిడిగా ఉంటే ఫరవాలేదు. గోధుమరంగు తిరిగినా, ముద్ద కట్టినా, పొడి అయినా పారబోయండి. ఆ పొడే వాల్వ్ బ్లాకులోకి పోయి వాల్వుల్ని మూయనీయకుండా చేస్తుంది, మళ్లీ లీకు మొదలు. ఓవెన్‌లో వేడిచేసి వాడుకోవచ్చంటారు గానీ అన్ని గింజలూ ఒకే రకం కావు, ఒకే వేడికి ఆరవు. కొత్తవి పోయడమే నయం.

కిందా పైనా ఉండే దూది బిళ్లలు వదిలేయకుండా మార్చండి. గింజలు నిండుగా పోసి, గొట్టాన్ని తట్టి సర్దుకున్నాక మళ్లీ నింపండి. ఖాళీ ఉంటే గుంతల్లో ఒకదానికొకటి రాసుకుని పొడి అవుతాయి.

10. బయటే పరీక్ష

బండికి బిగించక ముందు కారు బ్యాటరీతో తిప్పి చూడండి. కంప్రెసర్‌ని గట్టిగా పట్టి ఉంచే ఏర్పాటు చేసుకుని, లావు వైరుకి మధ్యలో 40 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి, మోటారు పిన్నులు రెండింటికే కరెంటు ఇవ్వండి. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. సన్న పిన్నులకు 12 వోల్టులు తగిలితే సెన్సర్ పోతుంది.

గాలి బయటకు వచ్చే చోట 25 బార్ల గేజి బిగించి ఆన్ చేయండి. ముల్లు చకచకా 10 బార్లు దాటితే రింగు పట్టినట్టే. అక్కడ ఆపేయండి, ఇంకా ఎంత లాగుతుందో చూద్దామని ఉంచకండి. ముల్లు 5, 6 దగ్గరే వేలాడుతుంటే హెడ్డు ఓ-రింగు జారిందో, గాలి వదిలే వాల్వ్‌లో చెత్త ఇరుక్కుందో చూడండి. ప్రతిసారీ అర నిమిషానికి మించి తిప్పొద్దు, మధ్యలో చల్లారనివ్వండి.

11. బిగించి, మొదటిసారి లేపడం

☐ రబ్బరు బుష్షులు చీలితే మార్చారా? కంప్రెసర్ బాడీకి తగిలితే సీటు కింద గుర్రుమంటుంది.
☐ పైపు చివర నలిగి ఉంటే నిటారుగా కోసి, కొత్త ఫెరూల్ (పైపు చుట్టూ బిగుసుకునే చిన్న రింగు) వేశారా?
☐ కొత్త రిలే పెట్టారా?
☐ గాలి ఫిల్టర్ శుభ్రమేనా, గొట్టం మూతి నీళ్లు తగలని ఎత్తులో ఉందా?
☐ పనిముట్లు, మనుషులు బండి కింద లేరు కదా?

బ్యాటరీ కలిపి, స్టాండ్లు తీసి, జాక్ మోడ్ ఆపేయండి. ఇంజిన్ ఆన్ చేసి తలుపులన్నీ మూయండి. కొన్ని బండ్లు తలుపు తెరిచి ఉంటే లేవవు. పాత కోడ్‌లు స్కానర్‌తో తుడిచేయాలి, లేకపోతే కంప్యూటర్ కంప్రెసర్‌ని తిరగనివ్వకపోవచ్చు.

పూర్తిగా ఖాళీ అయిన బెల్లోలు నిండడానికి టైం పడుతుంది. మధ్యలో కంప్రెసర్ ఆగిపోతే టెన్షన్ పడొద్దు, వేడెక్కి తానే ఆగింది. పావుగంట చల్లారనిచ్చి మళ్లీ లేపండి. లేచాక మీరు విప్పిన ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్లు కొట్టండి.

12. బిగించాక వచ్చే తకరార్లు

తిరుగుతుంది కానీ బండి లేవదు: పైపు సరిగా దూరలేదు, లేదా వాల్వ్ బ్లాకు ప్లగ్గు పెట్టడం మరిచారు. రెండోది మీరనుకున్నదానికంటే ఎక్కువసార్లు జరుగుతుంది.

లేచాక ఒకవైపు ఒరిగి ఉంటుంది: ఆ చక్రం దగ్గర ఎత్తు సెన్సర్ పుల్ల ఊడిందేమో చూడండి. సెన్సర్ మార్చితే మాత్రం స్కానర్‌తో మళ్లీ ఎత్తు సెట్ చేయాలి.

బండి దిగదు, లేదా చాలా నెమ్మదిగా దిగుతుంది: గాలి బయటకు పోయేదీ డ్రయర్ గుండానే. దూది బిళ్ల అడ్డం పడిందో, గింజల పొడి వాల్వ్‌కి పట్టిందో చూడండి.

రోజూ స్టార్ట్ చేయగానే కంప్రెసర్ తిరుగుతోంది: ఎక్కడో ఇంకా కారుతోంది. 4వ మెట్టులోని కాగితం తీసి, రాత్రి పరీక్ష మళ్లీ చేయండి.

ఈలోగా బండి పూర్తిగా కూలబడితే "మెల్లగా షెడ్డు దాకా పోనిద్దాం" అనుకోకండి. టైరు మడ్‌గార్డ్‌కి రాసుకుంటుంది, ఖాళీ బెల్లో మడతపడి నలుగుతుంది, మన స్పీడ్ బ్రేకర్లకు కింది భాగం తగులుతుంది. ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. పిలిచేటప్పుడే బండి నేలకు ఆని ఉందని చెప్పండి, ర్యాంపు వాలు తగ్గించడానికి చెక్క పలకలు తెచ్చుకుంటారు.